మాస్టారి కీకి నేను చేసిన మరమ్మతులు

రేడియోలు బాగుచేసేవాడికి ఒక జబ్బు ఉంటుంది. ఎక్కడ ఏం తేడా వచ్చినా అది వస్తువులోనే ఉందనుకుంటాడు. ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే నేను ముందు ఫ్యాను రెగ్యులేటరు విప్పి చూస్తానని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది. నందిగామ బస్టాండు ఎదురు సందులో ముప్పై ఏళ్లకు పైగా షాపు నడిపాను. వాల్వు సెట్ల దగ్గర్నుంచి టేపురికార్డర్ల దాకా నా బల్ల మీదికి రాని రోగం లేదు. బాగుచెయ్యలేక వెనక్కి పంపిన సెట్టు ఒక్కటీ లేదని పది మందిలో మీసం మెలేసేవాణ్ణి. అలా చెప్పుకున్న ప్రతిసారీ మీసం మీంచి చెయ్యి తీసేసేవాణ్ణి. ఎందుకో నాకు తెలుసు. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు, మా ఆవిడకి కూడా. ఇప్పుడు చెప్పక తప్పేట్టు లేదు.

పోయిన నెల జగ్గయ్యపేట వెళ్లాను. హుసేన్‌బీ గారు పోయి నలభై రోజులైంది, ఫాతిహా ప్రార్థనకి రమ్మని ఆవిడ కూతురు షంషాద్ ఫోన్ చేసింది. హుసేన్‌బీ గారు మా మస్తాన్ మాస్టారి భార్య. మస్తాన్ మాస్టారు నాకు మోర్సు నేర్పిన గురువు. ఆయన పోయి దగ్గర దగ్గర నలభై ఏళ్లు. చిల్లకల్లు దగ్గర బస్సు పెద్ద రోడ్డు వదిలి పేట వైపు తిరగ్గానే కిటికీలోంచి ఎండు మిరపకాయల ఘాటు కొట్టింది. పక్క సీటాయన కొంగలా మెడ చాచి తుమ్ముతున్నాడు. నాకు తుమ్ము రాలేదు గాని, మోకాలి మీద నా కుడిచేతి వేలు దానంతట అది కొట్టుకోవడం మొదలుపెట్టింది. చూస్తే మాస్టారి పిలుపు పేరు. రెండో చేత్తో ఆ వేలు గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పాలి. మోర్సు అంటే అక్షరాలను చుక్కలూ గీతలుగా కొట్టి పంపడం. పొట్టి చప్పుడు చుక్క, పొడుగు చప్పుడు గీత. టెలిగ్రాములన్నీ ఒకప్పుడు అలాగే వెళ్లేవి. కొట్టడానికి వాడే ఇత్తడి మీటని కీ అంటారు. అరచేయంత చెక్క మీద ఒక మీట, దాని కింద ఒక స్ప్రింగు, రెండు చిన్న పాయింట్లు. నొక్కితే పాయింట్లు కలుస్తాయి, వదిలితే విడిపోతాయి. అంతే దాని సంసారం. ఇక హామ్ రేడియో అంటే సొంతంగా సెట్టు కట్టుకుని, ప్రభుత్వం పెట్టే పరీక్ష రాసి, లైసెన్సు తెచ్చుకుని ఇంట్లోంచి మాట్లాడుకోవడం. లైసెన్సుతో పాటు ఒక్కొక్కరికి ఒక పిలుపు పేరు ఇస్తారు. ఆ పేరు మీద ఆ మనిషే కొట్టాలి, ఇంకొకరు ముట్టుకోకూడదు. ముట్టుకుంటే లైసెన్సు పోతుంది. ఈ నియమాన్ని అప్పట్లో నేను వేదంలా పట్టుకునేవాణ్ణి.

మాస్టారు ఉద్యోగమంతా టెలిగ్రాఫ్ ఆఫీసుల్లోనే. రిటైరై పేటకి వచ్చి స్థిరపడ్డాక ఊరికే కూర్చోలేకపోయారు. "చెవి ఊరుకోవట్లేదయ్యా. రేకు మీద వాన పడితే కూడా అక్షరాలు వెతుకుతోంది" అనేవారు. అందుకని ఆ వయసులో పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకున్నారు. డెబ్బైల చివర్లో, అప్పటికి నాకు పాతికేళ్లు నిండలేదు, షాపు కొత్త, ఎవరో చెబితే వెతుక్కుంటూ వెళ్లాను. పెంకుటిల్లు. ముందు గదిలో గోడవారగా బల్ల, దాని మీద మిలిటరీ వేలంలో కొన్న రిసీవరు, ఆయనే కట్టుకున్న ట్రాన్స్‌మిటరు, ఇత్తడి కీ. ఇంటి కప్పు మీంచి వేపచెట్టుకి లాగిన ఏరియల్ తీగ. దాన్ని చూసి ఆ వీధివాళ్లు "అంత ఎత్తున కడితే బట్టలెట్టా ఆరేస్తారు మాస్టారూ?" అని అడిగేవాళ్లు. ఒక పెద్దాయన రోజూ వచ్చి కాసేపు విని, "దీంట్లో పాటలు రావా?" అని నిట్టూర్చి పోయేవాడు.

ప్రతి ఆదివారం మొదటి బస్సుకి వెళ్లేవాణ్ణి. ఆ ఇంటికి ఒక వాసన ఉండేది. టంకం పెట్టేటప్పుడు వచ్చే గుగ్గిలం పొగ, వెనక వంటింట్లోంచి వచ్చే అల్లం వెల్లుల్లి, ఈ రెండూ కలిస్తే వచ్చే వాసన. ఇప్పటికీ టంకం కడ్డీ వేడెక్కితే నాకు ఆకలేస్తుంది. మాస్టారి కుడి చెయ్యి ఆ ఇంట్లో ఒక ప్రత్యేకమైన మనిషి. ఆ చేత్తో ఆయన బరువు మోసేవారు కాదు. కూరల సంచీ ఎడమ చేతికి, బావిలో చేద హుసేన్‌బీ గారికి. ఎవరైనా చెయ్యి కలపబోతే నవ్వి నమస్కారం పెట్టేవారు. "ముప్పై ఏళ్లు గవర్నమెంటు వాడుకున్న చెయ్యి, ఇప్పుడే నాకిచ్చారు, పాడుచేసుకోనా?" అని హాస్యం. మణికట్టు బల్ల మీద ఆనించీ ఆనించకుండా పెట్టి కొడుతుంటే ఆ మీట మీద వేళ్లు నిద్రపోతున్నట్టు ఉండేవి, చప్పుడు మాత్రం గింజలు జల్లినట్టు వచ్చేది.

మోర్సులో 'చేయి' అనే మాట ఒకటుంది. వీధిలో చెప్పుల చప్పుడు వింటే వచ్చేది నాన్నో బాబాయో చెప్పగలం కదా, అలాగే కొట్టే తీరుని బట్టి ఎవరిదో తెలిసిపోతుంది. మాస్టారి చేయి దేశమంతా గుర్తుపట్టేవాళ్లు. పేరు కొట్టకముందే ఎవరో ఒకరు "నమస్కారం మాస్టారూ" అని పలికేవాళ్లు. నా లైసెన్సు వచ్చాక రోజూ పొద్దున ఆరున్నరకి నందిగామ నుంచి నేనూ పేట నుంచి ఆయనా కలుసుకునేవాళ్లం. మాట్లాడుకునేది ఏముంటుంది? ఇక్కడ మబ్బు, అక్కడ ఎండ. మునేట్లో నీళ్లొచ్చాయా? రాలేదు. మా షంషాద్‌కి పరీక్షలు. అంతే. ఆ పావుగంట లేకపోతే నాకు షాపు తలుపు తెరవబుద్ధి అయ్యేది కాదు.

హుసేన్‌బీ గారి గురించి అప్పుడు నేను ఎక్కువ ఆలోచించలేదు. వంటింటి గుమ్మంలో పీట వేసుకుని బియ్యంలో రాళ్లేరుతూ ఉండేది. అయిదో తరగతి దాకా తెలుగు చదువు, ఇంగ్లీషు రాదు. ఉద్యోగం రోజుల్లో క్వార్టరు ఆఫీసు గోడకి ఆనుకునే ఉండేదట. పగలంతా గోడవతల టకటకలే. "ఎవరింట్లో ఏడుపు రాబోతుందో ఆ చప్పుడుని బట్టే టెలిగ్రాం కుర్రాడి కంటే ముందు నాకు తెలిసేది బాబూ. తెలిసి ఏం చేస్తాం, పొయ్యి ఊదుకోవడమే" అందొకసారి. నేను నవ్వి ఊరుకున్నాను. ఇంకోసారి నేను కొట్టడం సాధన చేస్తుంటే గుమ్మంలోంచే, "అబ్బాయి తొందరపడుతున్నాడు, రెండు చుక్కలు మింగేశాడు" అంది. మాస్టారు చెప్పింది విని అంటోందనుకున్నాను. మాస్టారు అప్పుడు గదిలోనే లేరన్న సంగతి నాకు తట్టలేదు.

ఒక వానాకాలం వెళ్లాక మాస్టారి కొట్టుడులో తేడా వచ్చింది. నాలుగు చుక్కల చోట అయిదు పడుతున్నాయి, ఒక్కోసారి మూడే. గీత మధ్యలో తెగుతోంది. మర్నాడు ఇంకొంచెం. "కీలో ఏదో ఉన్నట్టుందయ్యా, వచ్చి చూడు" అని ఆయనే కొట్టారు. ఆదివారం మీటరూ స్క్రూడ్రైవర్లూ సర్దుకుని పెళ్లికొడుకులా వెళ్లాను. కీ విప్పగానే దొంగ దొరికాడు. పాయింట్ల పక్కన పచ్చటి చిలుము. సంగతేమిటంటే బక్రీదుకి ఇల్లంతా శుభ్రం చేస్తూ హుసేన్‌బీ గారు ఇత్తడి గిన్నెలతో పాటు కీని కూడా చింతపండు పెట్టి తోమేసింది. బంగారంలా మెరుస్తోంది, లోపల మాత్రం పులుపు దిగి కూర్చుంది.

"ఎంత పని చేశారమ్మా! ఇది కీ, కూజా కాదు" అన్నాను కాస్త గట్టిగానే.

"నాదే పొరపాటు బాబూ. ఇంకెప్పుడూ ముట్టుకోను" అందావిడ.

మాస్టారు కిటికీలోంచి వేపచెట్టు వైపు చూస్తూ కూర్చున్నారు. పోస్టుకార్డు ముక్క పాయింట్ల మధ్య పెట్టి లాగి శుభ్రం చేశాను. ఉప్పుకాగితం పెట్టి రుద్దితే పాయింట్లు గరుకెక్కి పాడవుతాయని నేర్పింది ఆయనే. నేను కొట్టి చూశాను, ముత్యాల్లా పలికింది. జబ్బు పోయిందని ప్రకటించి పలావు తిని బస్సెక్కాను. సోమవారం ఆరున్నరకి మళ్లీ అదే తెగుడు.

అక్కణ్ణుంచి నా మరమ్మతులు మొదలయ్యాయి. ఒక ఆదివారం స్ప్రింగు బిగించాను. ఇంకో ఆదివారం వదులు చేశాను. పాయింట్ల మధ్య సందు తగ్గించాను, పెంచాను. మీట ఊగే ఇరుసుల్లో నూనె వేశాను, తుడిచాను. కీ నుంచి సెట్టుకి వెళ్లే వైరు లోపల తెగిందేమోనని మార్చాను. ఎర్తు కోసం పెరట్లో గొయ్యి తవ్వి ఉప్పూ బొగ్గూ పోశాను. బల్ల ఊగుతోందని కాలి కింద చెక్క ముక్క పెట్టాను. చేసిన ప్రతిసారీ నేను కొట్టి చూసేవాణ్ణి, శుభ్రంగా పలికేది. "ఏదీ, మీరొకసారి" అంటే ఆయన నాలుగక్షరాలు కొట్టేవారు, నాలుగోది విరిగేది. మళ్లీ నేను కూర్చుంటే బాగుండేది.

"నీ చేత్తో బాగానే పలుకుతోంది కదా బాబూ" అంది హుసేన్‌బీ గారు ఒకసారి టీ తెచ్చి పెడుతూ. మెల్లగా, ఒక్కొక్క మాటా విడదీసి అంది.

"ఇది దాక్కునే ఫాల్టమ్మా. మెకానిక్‌ని చూస్తే భయం దానికి. డాక్టరు రాగానే జ్వరం తగ్గినట్టు" అన్నాను.

అందరం నవ్వాం. అందరికంటే గట్టిగా మాస్టారు నవ్వారు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. ఆయన ముందున్న టీ గ్లాసు సగమే నిండి ఉంది. ఎప్పటినుంచో ఆవిడ సగమే పోస్తోంది. ఆయన ఎడమ చేత్తో తాగుతున్నారు. నాతో కూర్చుని తినడం మానేసి, "నువ్వు తిను, నాకు తర్వాత పెడుతుంది" అంటున్నారు. ఉత్తరాలు షంషాద్ చేత రాయిస్తున్నారు. ఇవన్నీ నా కళ్ల ముందే ఉన్నాయి. నేను మాత్రం తలొంచుకుని స్ప్రింగు చూస్తున్నాను.

మిగతా స్టేషన్ల వాళ్లు మొదట ఓపిక పట్టారు. తర్వాత "మాస్టారూ, కీ బాగుచేయించుకోండి, అర్థం కావట్లేదు" అనేవాళ్లు. కొన్నాళ్లకి ఆయన పిలిచినా పలకడం మానేశారు. దేశమంతా గుర్తుపట్టిన చేయి, పిలిచి పిలిచి ఊరుకునేది. చివరికి నేనొక్కణ్ణే మిగిలాను. "ఇంక సెట్టు కట్టేసి పక్కన పెడతానయ్యా" అన్నారు ఒకనాడు. ఆయన్ని సెట్టు లేకుండా ఊహించుకోలేకపోయాను. అంతకంటే, నిజం చెప్పాలంటే, బాగుచెయ్యలేని వస్తువు ఒకటి నా చేతిలో ఉండిపోతుందన్నది నేను ఊహించుకోలేకపోయాను. "ఒక్క వారం కీ నాకివ్వండి. అప్పటికీ కాకపోతే నా షాపు మూసేస్తా" అని రుమాల్లో చుట్టుకుని నందిగామ తెచ్చేశాను.

ఆ వారం మిగతా పనంతా పక్కన పెట్టాను. పాత రిలే స్విచ్చిలోంచి వెండి పాయింట్లు తీసి అతికాను. ఇరుసులు కొత్తవి చేయించాను. స్ప్రింగు నాలుగు చుట్టి, నాలుగోది ఉంచాను. పట్టుకెళ్లి బిగించి వచ్చాను. మర్నాడు ఆరున్నరకి చెవుల్లో హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చుంటే, పేట నుంచి పిలుపు వచ్చింది. ఒక్క చుక్క ఎక్కువ లేదు, ఒక్క గీత తెగలేదు. నేను కుర్చీలోంచి లేచి గంతేశాను. ఆ రోజు షాపుకి వచ్చిన ప్రతివాడికీ ఆ కథ చెప్పాను. మర్నాడూ బాగుంది, ఆ తర్వాతా బాగుంది. కాకపోతే వేగం కొంచెం తగ్గింది, మాట మాటకీ మధ్య ఊపిరి పీల్చుకున్నంత విరామం. కొత్త స్ప్రింగు కదా, అలవాటు పడాలి అనుకున్నాను. ఆదివారం వెళ్లినప్పుడు ఒకసారి కొట్టి వినిపించమంటే, "రోజూ వింటూనే ఉన్నావుగా, ఇవాళ కబుర్లు చెప్పుకుందాం" అనేవారు. ఎనిమిది నెలలు అలా నడిచింది. మిగతా స్టేషన్లు మళ్లీ పలకడం మొదలుపెట్టాయి. నా మీసం ఇంకో మెలిక తిరిగింది.

ఎనిమిది నెలల తర్వాత మాస్టారు పోయారు. మధ్యాహ్నం భోంచేసి పడుకుని లేవలేదు. కబురందగానే వెళ్లాను, అందరితో పాటు పిడికెడు మట్టి వేశాను. హుసేన్‌బీ గారిని పలకరించి పోదామని ఇంటికి వెళితే, షంషాద్ గుమ్మంలోనే ఆపింది. భర్త పోయిన మనిషి నాలుగు నెలల పది రోజులు ఇద్దత్‌లో ఉంటుందనీ, బయటి మగవాళ్ల ఎదుట పడదనీ చెప్పింది. అరుగు మీద కాసేపు కూర్చున్నాను. లోపల్నుంచి ఏ చప్పుడూ లేదు. లేచి బస్సెక్కాను.

మాస్టారు పోయాక కూడా ఆరున్నరకి లేచి సెట్టు ముందు కూర్చునే అలవాటు పోలేదు. ఎవరూ పిలవరు, ఊరికే గరగర వింటూ టీ తాగేవాణ్ణి. నెలన్నర అయిందేమో, ఒక పొద్దున ఆ గరగరలోంచి నా పిలుపు పేరు వినిపించింది. దాని వెనకే మాస్టారి పిలుపు పేరు. మాస్టారి చేయి. నా చేతిలో గ్లాసు ఒలికి ఒళ్లంతా టీ అయింది. దెయ్యాలనీ భూతాలనీ నవ్వేవాణ్ణి నేను, ఆ క్షణాన భయమేసి వెనక్కి తిరిగి గదంతా చూశాను. మళ్లీ పిలిచింది. నెమ్మదిగా, మాట మాటకీ మధ్య ఊపిరంత విరామంతో. మూడోసారి పిలిచేసరికి భయం పోయి అసలు సంగతి అర్థమైంది. ఇది మాస్టారి చేయి కాదు. ఇది ఆ ఎనిమిది నెలల చేయి. గోడవతలి టకటకలు ముప్పై ఏళ్లు విన్న మనిషి చేయి.

ఒక్కసారిగా అంతా వరసగా కళ్ల ముందు నిలబడింది. సగం గ్లాసు టీ, ఎడమ చెయ్యి, కిటికీలోంచి చూపు. కీలో ఏనాడూ జబ్బు లేదు. పడిపోయింది ఆయన చెయ్యి. నేను ఆదివారం ఆదివారం వెళ్లి, ఆయన ముందు కూర్చుని, నా పడుచు చేత్తో కొట్టి చూపించి, "ఇప్పుడు మీరు కొట్టండి" అన్నాను. ఎన్ని ఆదివారాలు! చింతపండు నింద కూడా ఆవిడ మీద వేశాను, ఆవిడ నెత్తినేసుకుంది.

నా వేలు కీ మీదే ఉంది. సెట్టు వేడిగా ఉంది. నొక్కితే చాలు. నొక్కలేదు. చనిపోయిన మనిషి పేరు మీద లైసెన్సు లేని మనిషి కొడుతోంది, జవాబిస్తే నా లైసెన్సు కూడా పోతుందని మనసులో చెప్పుకున్నాను. అది అబద్ధం కాదు, నిజమూ కాదు. నాకు రోషం వచ్చింది. నా మరమ్మతు మరమ్మతే కాదని, ఊరంతా చెప్పుకున్న గొప్ప గాలిబుడగ అని, ఆ ఇంట్లో ముగ్గురికీ తెలిసి నాకొక్కడికే తెలియదని రోషం. ఆవిడ అయిదు నిమిషాలు పిలిచి ఆగిపోయింది. రెండో రోజు పొద్దున మళ్లీ పిలిచింది. కూర్చుని విన్నాను, పలకలేదు. మూడో రోజూ అంతే. మూడో రోజు ఆవిడ ఆగిపోయిన రెండు నిమిషాలకి బెజవాడ మిత్రుడొకడు రేడియోలో అదే చోట, అంటే పేటకి కూడా వినిపించే చోట, పిలిస్తే, ఊపిరి పీల్చుకుని వాడికి జవాబు కొట్టాను. పది నిమిషాలు వాతావరణం గురించి మాట్లాడుకున్నాం. నాలుగో రోజు నుంచి పేట పలకలేదు.

ఇద్దత్ గడువు తీరాక వెళ్లాను. లైసెన్సు రద్దయింది కాబట్టి సెట్టు తీసెయ్యాలని పైనుంచి కాగితం వచ్చిందట. తీసింది నేనే. వేపచెట్టు మీంచి తీగ దించాను, వైర్లు చుట్టాను. కీ స్క్రూలు విప్పుతుంటే గుమ్మంలోంచి, "అది ఉంచు బాబూ" అంది. ఉంచాను. ఆవిడ టీ ఇచ్చింది, నిండా పోసి. నేను తాగాను. తీగ చుట్ట భుజాన వేసుకుని బస్సెక్కాను. ఆ తర్వాత వెళ్లడం తగ్గించాను. పండక్కి ఒకసారి, పెళ్లికి ఒకసారి. తర్వాత అదీ లేదు.

పోయిన నెల ఫాతిహా అయ్యాక, పలావూ దాల్చా తిని, చుట్టాలంతా సర్దుకున్నాక షంషాద్ నా పక్కన కుర్చీ వేసుకుంది. స్కూలు టీచరుగా చేసి రిటైరైంది, జుట్టు తెల్లబడింది. పెంకుటిల్లు డాబా అయింది. పిల్లలు మూలనున్న సోఫాలో ఎవరి ఫోన్లు వాళ్లు చూసుకుంటున్నారు. ఇప్పుడు నాకు రోజుకి వంద సందేశాలు వస్తాయి. అన్నీ ఒకే అక్షరాలు, ఒకే పసుప్పచ్చ నవ్వు ముఖం. పైన పేరు లేకపోతే పంపింది నా కొడుకో బ్యాంకో చెప్పలేను. ఆ రోజుల్లో పేరు కొట్టకుండానే మనిషి తెలిసేవాడు. తెలిసే రోజుల్లో నేను చేసింది ఇది.

"అన్నయ్యా, మీకో సంగతి చెప్పాలండి. అమ్మ ఉండగా చెప్పొద్దంది" అంది షంషాద్. "మీరు కీ పట్టుకెళ్లిన వారం ఉంది చూశారూ, ఆ వారమంతా అమ్మ స్టీలు డబ్బా మీద గరిటె కాడతో కొడుతూ నేర్చుకుందండి. వినడం ఎప్పుడో వచ్చుగా. నాయన పక్కన కూర్చుని అక్షరాలు చెబుతూ ఎడం చేత్తో తాళం వేసేవాడు, తర్వాత మీతో కొట్టినప్పుడూ అంతే. నాయన చెయ్యి..."

"తెలుసమ్మా" అన్నాను.

"తెలుసా?" అని కుర్చీ కాస్త దగ్గరికి జరుపుకుంది. "మీకు తెలియకూడదని వాళ్లెంత తంటాలు పడ్డారో. మీరంత కష్టపడి బాగుచేశారు, కీలో ఏం లేదంటే కుర్రాడు చిన్నబుచ్చుకుంటాడనేవాడు నాయన. పోవడానికి కొన్నాళ్ల ముందు అమ్మతో అన్నాడండి, నేను పోయాక వాడికి నిజం చెప్పు, నోటితో వద్దు, కీ మీద చెప్పు, ముఖాలు చూసుకోనక్కర్లేదు అని. అమ్మ ఇద్దత్‌లో ఉండగా నాచేత ఇంగ్లీషు అక్షరాల్లో రాయించుకుంది. మాస్టారి చెయ్యి పడిపోయింది, కొట్టింది నేను, నీ కీ మంచిది, కోపం పెట్టుకోకు. ఇంతే. తప్పులు లేకుండా రావాలని రెండు రోజులు డబ్బా మీద కొట్టుకుంది."

నేను ఆ కీ మంచిదనే ముక్క దగ్గర ఆగిపోయాను. కోపం పెట్టుకోకు అనే ముక్క వినడానికి ఇంకొంచెం సేపు పట్టింది.

"మూడు రోజులు పిలిచిందండి. మీరు అందలేదు. నందిగామలో కరెంటు పోయి ఉంటుందంది. మూడు రోజులూ కరెంటు లేదా అమ్మా అని నవ్వాను నేను. ఏదో లైను తెగి ఉంటుందిలే, పాపం ఆ అబ్బాయి కూడా ఎదురు చూస్తూ ఉంటాడు అంది. మూడో రోజు మటుకు పిలవడం ఆపేశాక కూడా హెడ్‌ఫోన్ తియ్యకుండా చాలాసేపు కూర్చుంది. నేను కాలేజీకి వెళ్తూ చూశా, అట్టాగే కూర్చునుంది."

పది నిమిషాలు. బెజవాడతో నేను వాతావరణం మాట్లాడిన పది నిమిషాలు. నా చేయి ఆవిడకి తెలియకపోవడమేమిటి, రెండు చుక్కలు మింగేశానని గుమ్మంలోంచి పట్టుకున్న మనిషికి! అంతా వినేసి, లేచి, కూతురితో కరెంటు లేదని చెప్పింది. నలభై ఏళ్లు ఆ మాట మీదే ఉంది. షంషాద్ నా వైపు జాలిగా చూస్తోంది, ఆ మూడు రోజులూ చీకట్లో కూర్చున్న మనిషిని చూస్తున్నట్టు. ఊరుకుంటే సరిపోయేది. తల్లి పెట్టిపోయిన నమ్మకం అలాగే ఉండేది, నా పరువూ ఉండేది.

"కరెంటు ఉందమ్మా" అన్నాను.

"ఏ రోజండీ?"

"మూడు రోజులూ."